గోల్డెన్ గేట్ పార్కును సెగ్వే మీద చూడవచ్చా? మా నాన్నగారితో వెళ్లిన అనుభవం

వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నలు శాన్ ఫ్రాన్సిస్కో వస్తున్నారని, వారిని గోల్డెన్ గేట్ పార్కులో గైడు వెంట సాగే సెగ్వే (నిలబడి నడిపే రెండు చక్రాల విద్యుత్ బండి) టూరుకు తీసుకెళ్లాలని ఉందని రాశారు. అరవై దాటినవారు ఆ బండిని నడపగలరా, నడిచి చూడగలిగిన పార్కుకు అంత ఖర్చు పెట్టడం అవసరమా అని అడిగారు. 2018 ఆగస్టులో నేను మా నాన్నగారితో కలిసి ఇదే పార్కును ఇలాగే చూశాను. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో ముప్పై ఏళ్లు వేరుశనగ పండించిన రైతు ఆయన. ఆయన చక్కగా నడిపారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను మాత్రం బండి ఎక్కనివ్వలేదు, ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఖర్చు విషయానికి వస్తే, మీ నాన్నగారు రెండు గంటలకు పైగా నిలబడగలిగితే, చెట్టు, నేల, నీరు అంటే ఆయనకు ఆసక్తి ఉంటే తప్పక తీసుకెళ్లండి అని చెబుతాను.

ముందుగా బండి గురించి చెప్పాలి, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది. అమెరికా ఆవిష్కర్త డీన్ కామెన్ 2001 డిసెంబరులో లోకానికి చూపించిన ఈ బండికి రెండు చక్రాలు పక్కపక్కన ఉంటాయి, వాటి నడుమ పలక మీద మనం నిలబడాలి. మనిషి ముందుకు వాలినప్పుడు అతను పడిపోకుండా చక్రాలను అతని కిందికి చేర్చడానికి బండి ముందుకు కదులుతుంది, వెనక్కి వాలితే నెమ్మదించి ఆగుతుంది. లోపలి గైరోస్కోపులు మన వాలును సెకనుకు దాదాపు 100 సార్లు కొలుస్తూ ఈ పని చేస్తాయి. విడిగా బ్రేకు లేదు, మన బరువే బ్రేకు. అందుకే తయారీదారులు నడిపేవారి బరువు 45 కిలోలకు తగ్గకూడదని, 118 కిలోలకు మించకూడదని నియమం పెట్టారు. మరీ తేలికగా ఉన్నవారు వెనక్కి వాలినా బండిని ఆపడానికి ఆ బరువు చాలకపోవచ్చు. మన పెద్దవాళ్లలో, ముఖ్యంగా అమ్మల్లో, 45 కిలోలకు అటూ ఇటూ ఉండేవారు చాలామంది కనుక, బుక్ చేసే ముందే ఈ సంగతి చూసుకోండి.

వయసు కన్నా మోకాళ్లు, పాదాలు, తల తిరుగుడు ముఖ్యం. నిలబడినంతసేపూ మోకాళ్లను కాస్త వదులుగా ఉంచాలి, బిగబట్టి నిలబడితే పావుగంటలోనే పిక్కలు పట్టేస్తాయి. బయలుదేరే ముందు గైడు మాకు ఖాళీ స్థలంలో అరగంట నేర్పించారు. నాన్నగారు మొదటి ఐదు నిమిషాలు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని, దానిమీదే బరువంతా వేశారు. బండి ముందుకూ వెనక్కూ ఊగిసలాడింది. గైడు వచ్చి, చేతులతో కాకుండా అరికాళ్లతో నడపాలని, బొటనవేళ్ల మీద ఒత్తితే ముందుకు, మడమల మీద ఒత్తితే వెనక్కి వెళుతుందని చెప్పారు. నేను తెలుగులో, “నాన్నా, ఎద్దుల వెనక పలక మీద నిలబడి బరువు మార్చినట్టు మార్చండి” అన్నాను. నేల చదును చేసేటప్పుడు పలక మీద నిలబడి ఎద్దులను తోలిన మనిషికి ఆ మాట చాలింది. ఆ తరువాత మా ఏడుగురిలో అందరికన్నా నిబ్బరంగా నడిపింది ఆయనే.

పడిపోయింది నేను. తొందరపాటుతో ఒక మలుపులో గైడును చూడకుండా అడవిదున్నల కంచె వైపు తలతిప్పాను. తల తిరిగిన వైపుకే ఒళ్లూ వాలింది, కుడి చక్రం కాలిబాట గట్టుకు తగిలింది, మోచేయి చెక్కుకుపోయింది. హెల్మెట్ లేకపోతే తలకు కూడా దెబ్బ తగిలేది. కాబట్టి మీ నాన్నగారికి ఈ ఒక్క నియమాన్ని పదిసార్లు చెప్పండి: చూడాలంటే ఆగాలి, కదులుతూ చూడకూడదు. రెండవది, దిగేటప్పుడు ముందుకు కాకుండా వెనక్కి, ఒక కాలు తరువాత ఒకటి దించాలి, రెండు పాదాలూ నేల మీద నిలిచేదాకా హ్యాండిల్ వదలకూడదు. ఎక్కేటప్పుడు జరిగే ప్రమాదాల కన్నా, అయిపోయిందన్న ధీమాతో దిగేటప్పుడు జరిగేవే ఎక్కువని మా గైడు రెండుసార్లు హెచ్చరించారు.

ఇక ఈ పార్కుకు ఆ బండి ఎందుకు నప్పుతుందో చెబుతాను. గోల్డెన్ గేట్ పార్కు విస్తీర్ణం 1,017 ఎకరాలు. తూర్పున ఊరి నడుమ మొదలై పడమర పసిఫిక్ సముద్రం దాకా మూడు మైళ్లకు పైగా సాగే సన్నటి పట్టీ అది, వెడల్పు అర మైలే. నడిచి వెళ్లేవారు సాధారణంగా తూర్పు సగంలో మ్యూజియాలు, జపనీస్ టీ గార్డెన్ చూసి అలసిపోయి తిరిగి వస్తారు. కారులో వెళ్లేవారు ఒక చోట నిలిపి, మరో చోట నిలపడానికి స్థలం వెతకడంలో పూట గడిపేస్తారు. ఆ పార్కు అసలు కథ మాత్రం తూర్పు నుంచి పడమరకు దాని పొడవు అంతా ఒకే ఊపులో వెళితే గాని అర్థం కాదు. ఆ కథ ఇసుకది.

1870లో ఈ పార్కుకు పునాది పడినప్పుడు ఇక్కడ చెట్టన్నది దాదాపు లేదు. సముద్రం నుంచి వీచే గాలికి కదిలే ఇసుక దిబ్బలే ఉండేవి. న్యూయార్క్ సెంట్రల్ పార్కును రూపొందించిన ఓల్మ్‌స్టెడ్ వంటివారే ఆ నేలలో అలాంటి పచ్చదనం సాధ్యమా అని సందేహించారు. విలియం హామండ్ హాల్ అనే యువ ఇంజనీరు ఆ పనికి పూనుకున్నారు. ఇసుకలో నేరుగా లూపిన్ అనే పూల పొద విత్తనాలు చల్లితే, అవి వేళ్లూనుకునేలోగా గాలి ఇసుకను కదిపేసేది. గుర్రాలకు పెట్టే నానబెట్టిన బార్లీ ఇసుకలో ఒలికి, కొద్దిరోజుల్లోనే మొలకెత్తడం చూసి ఆయనకు ఉపాయం తట్టిందని గైడు చెప్పారు. బార్లీ, లూపిన్ కలిపి చల్లారు. త్వరగా మొలిచే బార్లీ ఇసుకను పట్టి ఉంచితే, దాని చాటున లూపిన్ పెరిగింది. ఆపైన ఎరువు, మట్టి తెచ్చి వేసి సైప్రస్, పైన్, జామాయిల్ చెట్లు నాటారు.

గైడు ఈ మాటలు చెబుతుంటే నేను అనువదిస్తున్నాను. నాన్నగారు మధ్యలోనే ఆపి, “మన దగ్గర సరుగుడు వేసినట్టే కదరా” అన్నారు. మా ఊరి తీరంలో ఇసుక పొలాల మీదికి రాకుండా సరుగుడు, జీడిమామిడి తోటలు పెంచడం ఆయన చిన్నప్పటి నుంచి చూసిన పని. బండి దిగి, దారి పక్కన ఆకులు తొలగించి, రెండు అంగుళాల కింద ఉన్న లేత రంగు ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని గైడుకు చూపించారు. ఆ తరువాత గైడు నాతో కన్నా ఆయనతోనే ఎక్కువ మాట్లాడారు, నేను మధ్యలో నోరుగా మిగిలాను. మంచి గైడు దొరికితే మీ నాన్నగారికీ ఇలాంటి సంభాషణ దొరుకుతుంది. అందుకే పెద్ద గుంపులతో వెళ్లే టూరు వద్దు, ఏడెనిమిది మందికి మించని టూరు ఎంచుకోండి.

దారిలో చూసినవన్నీ వర్ణించను. 1894లో ఈ పార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఏర్పడి నిలిచిపోయిన జపనీస్ టీ గార్డెన్‌లోకి సెగ్వేలను రానివ్వరు, అది మరో పూట తీరిగ్గా చూడవలసిన చోటు. దానిని ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన మకోటో హగివారా కుటుంబాన్ని 1942లో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ మూలాలవారిపై వచ్చిన ఉత్తర్వుల కింద అక్కడి నుంచి వెళ్లగొట్టి నిర్బంధ శిబిరానికి పంపారన్న సంగతి గేటు ముందు నిలబడి విన్నప్పుడు మా గుంపంతా మౌనమైంది. దాని ముందు రోడ్డుకు ఇప్పుడు హగివారా పేరు ఉంది. 1887 నుంచి 1943లో కన్నుమూసేదాకా పార్కును చూసుకున్న స్కాట్లాండ్ తోటమాలి జాన్ మెక్‌లారెన్‌కు పార్కులో విగ్రహాలు పెట్టడం ఇష్టం ఉండేది కాదట. ఎవరైనా పెడితే చుట్టూ పొదలు నాటించి కనిపించకుండా చేసేవారట. ఇప్పుడు రోడోడెండ్రాన్ పొదల మధ్య ఆయన విగ్రహమే నిలబడి ఉంది.

పడమటి వైపు వెళ్లేకొద్దీ గాలి పెరుగుతుంది, చెట్లు సముద్రానికి వెన్ను చూపినట్టు వంగి ఉంటాయి, జనం పలచబడతారు. 1891 నుంచి ఈ పార్కులో పెంచుతున్న అమెరికా అడవిదున్నల మంద ఆ దారిలోనే ఉంది. చివరన సముద్రానికి ఎదురుగా రెండు పెద్ద గాలిమరలు కనిపిస్తాయి. ఉత్తరపు మూలన ఉన్న డచ్చి గాలిమరను 1903లో, దక్షిణపు మూలన ఉన్న మర్ఫీ గాలిమరను 1908లో నిలబెట్టారు. చాలామంది వాటిని ఫోటోల కోసం కట్టిన అలంకారం అనుకుంటారు. నిజానికి వాటిని భూగర్భజలాన్ని తోడి, ఈ ఇసుక మీద పెంచిన తోటకు నీరందించడానికి కట్టారు. ఆ తరువాత పదేళ్లు గడిచేలోపే విద్యుత్ పంపులు వచ్చి వాటి పని తీసుకున్నాయి.

అక్కడ నాన్నగారు అడిగిన ప్రశ్న, “సముద్రం ఇంత దగ్గరుంటే ఉప్పు నీళ్లు రావా?” అని. నేను అది అనువదించేలోపే ఆయనే సమాధానం చెప్పుకున్నారు. మా వైపు ఇసుక నేలల్లో దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు తవ్వుతారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలికగా నిలుస్తుంది కనుక, లోతుకు పోకుండా పైపైన తోడుకుంటే మంచి నీరే వస్తుంది. అత్యాశతో లోతుగా తోడితే ఉప్పెక్కుతుంది. పసిఫిక్ ఒడ్డున గాలిమర కింద నిలబడి బాపట్ల దొరువు గురించి ఆయన చెప్పడం, గైడు తన చిన్న పుస్తకంలో ఆ మాటను రాసుకోవడం నేను మరిచిపోలేను. మీరు ఖర్చుకు విలువ అడిగారు కదా, నాకు ఆ పది నిమిషాల్లోనే దొరికింది.

మీ అమ్మగారు బండి ఎక్కలేని స్థితిలో ఉంటే ఒంటరిగా కారులో కూర్చోబెట్టకండి. మా అమ్మ ఆ రెండున్నర గంటలు 1879లో తెరిచిన కన్సర్వేటరీ ఆఫ్ ఫ్లవర్స్ అనే తెల్లని అద్దాల భవనంలోనూ, దాని ముందున్న పూలమడుల దగ్గరా గడిపింది. లోపల ఉష్ణమండలపు మొక్కల కోసం వెచ్చగా, తేమగా ఉంచుతారు. బయట పొగమంచుకు వణికిన ఆమెకు ఊరు గుర్తొచ్చి, అక్కడి నుంచి కదలనంది. అక్కడ కూర్చోవడానికి బెంచీలున్నాయి, మరుగుదొడ్డి ఎక్కడుందో వెళ్లగానే చూసి పెట్టండి.

మేము వెళ్లిన తరువాత రెండు మార్పులు వచ్చాయి, అవి మీ నిర్ణయానికి పనికొస్తాయి. మొదటిది, పార్కు ప్రధాన దారి అయిన జాన్ ఎఫ్ కెన్నెడీ డ్రైవ్ తూర్పు భాగాన్ని 2020 ఏప్రిల్‌లో కార్లకు మూసివేశారు, 2022 నవంబరులో ఓటర్లు కూడా దానిని అలాగే ఉంచాలని నిర్ణయించారు. మేము ఒక మంగళవారం కార్ల పక్కన బిక్కుబిక్కుమంటూ నడిపిన అదే దారిలో ఇప్పుడు నడకవారు, సైకిళ్లు మాత్రమే తిరుగుతున్నారు. కొత్తగా నేర్చుకునేవారికి ఇది పెద్ద ఊరట. రెండవది, సెగ్వే సంస్థ ఈ రెండు చక్రాల బండి తయారీని 2020 జూలైలో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు టూరు నడిపేవారి దగ్గర ఉన్నవి పాత బండ్లు కావచ్చు, లేదా ఆ పేరుతోనే వేరే విద్యుత్ స్కూటర్లు ఇవ్వవచ్చు. డబ్బు కట్టే ముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి: ఏ బండి ఇస్తారు, బ్యాటరీలు ఎప్పుడు మార్చారు, దారి గాలిమరల దాకా వెళుతుందా లేక మ్యూజియాల చుట్టూ తిరిగి వస్తుందా. గాలిమరల దాకా వెళ్లకపోతే నా ఉద్దేశంలో ఆ టూరు అవసరం లేదు, తూర్పు సగాన్ని హాయిగా నడిచి చూడవచ్చు. సెగ్వే దొరకకపోతే, సైకిల్ తొక్కడం వచ్చిన నాన్నగారైతే బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకుని అదే దారిలో వెళ్లండి, పొడవంతా చూడడమే ముఖ్యం.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి వైపు ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది. ఇండియా నుంచి వేసవి అనుకుని పలుచని చొక్కాలతో వచ్చేవారు అక్కడే జలుబు తెచ్చుకుంటారు. నాన్నగారికి చెవులు మూసే ఉన్ని టోపీ కొన్నాను కానీ అది హెల్మెట్ కింద పట్టలేదు; మెడకు మఫ్లరు చుట్టుకుని సర్దుకున్నారు. మీరు పలుచని టోపీ, గాలి ఆపే జాకెట్, మడమ కదలకుండా పట్టి ఉండే బూట్లు సిద్ధం చేయండి, చెప్పులతో ఎక్కనివ్వరు. వీలైతే సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో పెట్టుకోండి. అప్పుడు మంచు తగ్గి ఎండ వస్తుంది, గాలిమరల దగ్గర నుంచి సముద్రం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.