బీఎంఐ వాడాలా వద్దా అని అడిగిన అమ్మడికి

చి. అమ్మడికి పెద్దమ్మ దీవెనలు.

నీ మెసేజి రాత్రి చదివాను. ఫోనులో ఇంత జవాబు రాయడం నా వేళ్ల వల్ల కాదని పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను. "బీఎంఐ పాతబడిపోయింది, దండగ కొలత అని అందరూ అంటున్నారు పెద్దమ్మా, నా మధుమేహం పరిశోధనలో పెడితే నవ్వుతారేమో" అని అడిగావు. నవ్వేవాళ్లు నవ్వనీ, నువ్వు నిక్షేపంలా వాడు. కాకపోతే అది ఏ పనికి పనికొస్తుందో ఆ పనికే వాడు. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సూచీయే కదా బీఎంఐ, దానికి కావలసిన ఆ రెండు అంకెలూ నీ చేతులతో సరిగ్గా తెచ్చుకో. ముప్ఫయ్యేళ్లు ఊరూరా తిరిగి జనం ఎత్తులూ బరువులూ రాసుకున్నదాన్ని కదా, ఈ రెండో ముక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. విసుక్కోకు.

ఈ లెక్క కనిపెట్టినాయన డాక్టరు కాడు. బెల్జియానికి చెందిన అడాల్ఫ్ కెట్లే, నక్షత్రాలు చూసుకుంటూ లెక్కలు కట్టుకునే మనిషి. ఎదిగినవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1830లలో గమనించాడు. 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తేల్చాలన్నది ఆయన తాపత్రయం. ఎవరు లావు, ఎవరికి జబ్బు అన్న ధ్యాస ఆయనకు లేదు. ఆ తరువాత దాదాపు నూట నలభై ఏళ్లకు, 1972లో, అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త బృందం అయిదు దేశాలకు చెందిన ఏడు వేల మందికి పైగా మగవాళ్ల కొలతలు పెట్టుకుని, ఎత్తు బరువులతో కట్టే సూచీలలో ఏది నయమో చూసింది. మిగతావాటికి తీసిపోకుండా ఉన్నది కెట్లే లెక్కేనని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. ఆ అయిదూ అమెరికా, ఫిన్లాండ్, ఇటలీ, జపాన్, దక్షిణాఫ్రికా. మనం లేము. ఆడవాళ్లు అసలే లేరు. నీ పరిశోధన అంతా మన పల్లెల ఆడవాళ్ల మీదే కాబట్టి ఈ సంగతి నీ మొదటి అధ్యాయంలో దాచకుండా రాయి.

మీ తరానికి బీఎంఐ అనగానే ఊబకాయం గుర్తొస్తుంది. మేము దానితో వెతికింది ఆకలిని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972 నుంచి జరిగిన పోషణ సర్వేల నివేదికలు గ్రంథాలయంలో దొరికితే తిరగేసి చూడు. 1988లో జేమ్స్, ఫెర్రో-లూజీ, వాటర్లో అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, ఎదిగినవాళ్లలో దీర్ఘకాలిక శక్తి లోపానికి, అంటే చాలాకాలం తిండి చాలకపోవడానికి, గీతలు గీశారు. 18.5కు తగ్గితే లోపం, 17కు తగ్గితే ఇంకో మెట్టు కిందికి, 16కు తగ్గితే తీవ్రం. నాట్లకు పోయి వచ్చిన ఒకావిడ తూకం ఎక్కితే ముల్లు 36 దగ్గర ఆగింది. ఎత్తు 148 సెంటీమీటర్లు. సూచీ కట్టి చూస్తే 16.4. ఆవిడను చూస్తే జబ్బు మనిషి అనుకోరు, బుట్ట నెత్తిన పెట్టుకుని చకచకా నడిచిపోయింది. అలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో చెప్పడానికి మా దగ్గర ఉన్నది ఆ అంకె ఒక్కటే.

ఇప్పుడు త్రాసు రెండో వైపు మొగ్గింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2015-16లో దేశంలో 18.5కు తక్కువున్న ఆడవాళ్లు నూటికి 22.9 మంది, అధిక బరువు కింద లెక్కేసే 25 లేదా అంతకు ఎక్కువ ఉన్నవాళ్లు 20.6 మంది. 2019-21కి అవి 18.7, 24.0 అయ్యాయి. ఈ మార్పును పట్టుకున్నది ఏమిటి? ఒక తూకం, ఒక కొలబద్ద. కొవ్వును సరిగ్గా కొలిచే స్కానింగ్ యంత్రాలు ఉన్నాయి, నిజమే. వాటిని తండాకు ఎత్తుకుపోలేవు, లక్షల మందిని వాటి మీద పడుకోబెట్టనూ లేవు. 2025లో లాన్సెట్ వైద్య పత్రిక తరఫున కూర్చున్న నిపుణులు కూడా బీఎంఐని పారేయమనలేదు. ఒక మనిషికి ఊబకాయం ఉందో లేదో తేల్చడానికి అదొక్కటే చాలదు, నడుము కొలతో కొవ్వు కొలతో తోడు ఉండాలి, జనాభా స్థాయి అధ్యయనాలకూ తొలి వడపోతకూ అది పనికొస్తుంది అన్నారు. నువ్వు చేయబోయేది జనాభా అధ్యయనమే కదా! మీ వాళ్లు సగం చదివి నిన్ను భయపెట్టినట్టున్నారు.

ఇక కొలతల సంగతి. నీ ప్రణాళికలో "ఎత్తు, బరువు ఫోనులో అడిగి తెలుసుకుంటాం" అని ఉంది. ముందు ఆ వాక్యం కొట్టేయి. అడిగితే జనం ఎత్తు కాస్త పెంచి, బరువు కాస్త తగ్గించి చెబుతారు. ఎత్తును వర్గం చేస్తాం కాబట్టి ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది. 52 కిలోల మనిషి 150 సెంటీమీటర్లు ఉంటే సూచీ 23.1. నువ్వు 152 అని రాసుకుంటే 22.5. అధిక బరువుకు మన దేశం పెట్టుకున్న 23 గీతకు ఆవిడ అటు నుంచి ఇటు వచ్చేసింది. ఆవిడ ఒంట్లో మారిందేమీ లేదు, నీ కాగితం మీద తప్ప.

ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయనుకున్నావు? కొప్పు నుంచి. నువ్వు వస్తున్నావని తెలిసి ఆవిడ తల దువ్వుకుని, కొప్పు పెట్టుకుని, మల్లెచెండు తురుముకుని వస్తుంది. ఎత్తు కర్ర మీద జారే పలకను దాని మీద ఆనిస్తే ఎత్తు పెరుగుతుంది. నలుగురిలో కొప్పు విప్పమంటే నొచ్చుకుంటారు. అందుకే లోపలి గదిలో కొలవాలి, లేదా కొప్పును మెడ కిందికి జరుపుకోమని మెల్లగా అడగాలి. మడమలు, పిరుదులు, భుజాల ఎముకలు వెనక కర్రకు ఆనాలి. చూపు నేలకు సమాంతరంగా ఉండాలి. జనం గడ్డం ఎత్తేస్తారు, ఎత్తుగా కనబడదామని. నీ కళ్లు పలక ఎత్తులోనే ఉండాలి కాబట్టి, నువ్వు పొట్టిదానివి, పీట వెంట తీసుకుపో.

బరువు తీసేటప్పుడు చెప్పులు ఎలాగూ విడిపిస్తావు. కొంగుముడి కూడా చూడు. తాళాల గుత్తి, చిల్లర, పొగాకు డబ్బా, ఒకసారి అరకిలో కందిపప్పు పొట్లం కూడా దొరికింది. చంకలో పిల్లవాడిని దించమని చెప్పడం మరిచిపోయిన కుర్రాడూ ఉన్నాడు మా బృందంలో.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. రోజూ పొద్దున్నే పది కిలోల గుండు పెట్టి తూకం సరిచూడాలన్నది మా నియమం. ఒక ఊళ్లో జాతర రోజుల్లో హడావిడిగా నాలుగు రోజులు మానేశాను. అయిదో నాడు గుండు పెడితే 11.4 చూపించింది. ఎప్పటి నుంచి అలా చూపిస్తోందో ఎవరు చెప్పగలరు? నాలుగు రోజుల కాగితాలూ కొట్టేసి, ఇళ్లిళ్లూ మళ్లీ తిరిగాము. "మొన్ననే చూశారు కదమ్మా" అని తలుపు దగ్గరే నిలబెట్టారు కొందరు. వాళ్ల తప్పేముంది. నేల సంగతి కూడా చూసుకో. చాప మీదా, ఎగుడుదిగుడు నాపరాళ్ల మీదా తూకం నిలకడగా ఉండదు. ఒక చదరపు చెక్క ముక్క సంచీలో పెట్టుకో.

ప్రతి మనిషినీ రెండుసార్లు కొలువు. మొదటి అంకె చూడకుండా రెండోది రాయాలి. వారానికోసారి దశాంశం తరవాతి అంకెలన్నీ వరుసగా లెక్కపెట్టు. సున్నాలూ అయిదులే గుట్టగా కనబడితే నీ కుర్రాళ్లు కొలవడం మాని ఊహిస్తున్నారన్నమాట. ఇంకో ముఖ్యమైన మాట: సూచీ ఒక్కటే దాచి ఎత్తు బరువులు పారేసుకోకు. గీతలు మారుతూ ఉంటాయి. అమెరికావాళ్లు 1998లో గీతను 25కు దించేసరికి కోట్లాది మంది రాత్రికి రాత్రి అధిక బరువు కింద చేరారు. అసలు కొలతలు ఉంటే రేపు ఏ గీత వచ్చినా మళ్లీ కట్టుకోవచ్చు.

గర్భిణులనూ, కాన్పయి రెండు నెలలు నిండనివాళ్లనూ సూచీ లెక్కలో కలపకూడదు. కుటుంబ ఆరోగ్య సర్వే కూడా అలాగే చేస్తుంది. అయితే ఆ ప్రశ్న అత్తగారి ముందు అడిగేవు సుమా! కొత్త కోడలు రెండో నెల అని ఇంకా ఎవరికీ చెప్పి ఉండదు. వెన్ను వంగిన ముసలివాళ్ల ఎత్తు కర్రతో కొలిస్తే తప్పు వస్తుంది. చేయి చాపించి కొలిచే పద్ధతి ఉంది, నేర్చుకో. పిల్లలకు ఈ గీతలే వర్తించవు, వాళ్లకు వయసును బట్టి వేరే పట్టికలు ఉన్నాయి.

ఏ గీత వాడాలన్నది కొలతలు మొదలుపెట్టక ముందే రాసి పెట్టుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు 25, 30. ఆసియావాళ్లకు 23, 27.5 దగ్గర జాగ్రత్త పడాలని 2004లో దాని నిపుణులే అన్నారు. మన దేశ వైద్యులు 2009లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించుకున్నారు. ఫలితాలు చూశాక నచ్చిన గీత ఎంచుకోవడం పరిశోధన కాదు, పందెం కోడికి కత్తి మార్చడం. అసలు వీలైతే గీతలతో ముక్కలు చేయకుండా సూచీని ఉన్న అంకెగానే లెక్కలో పెట్టు.

మనకు వేరే గీత ఎందుకంటావా? 2004లోనే లాన్సెట్‌లో పుణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫోటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ముందుకు, ఈ రూపం మన ఇంట్లోనే ఉంది, మీ పెద్దనాన్నను చూడు. పాతికేళ్లుగా చక్కెర జబ్బుకు మాత్రలు మింగుతున్నారు, ఏనాడూ సూచీ 23 దాటలేదు. నీది మధుమేహం మీద పని కాబట్టి నడుము కొలత లేకుండా వెళ్లకు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, కుచ్చిళ్లు కొద్దిగా దించుకోమని టేపు పెట్టాలి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు గీత.

ఇంకొకటి. సన్నగా ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోయినట్టు నీ లెక్కలో కనబడితే సన్నదనమే చంపిందని రాసేయకు. క్షయ, కేన్సర్, పొగతాగుడు మనిషిని ముందే చిక్కిపోయేలా చేస్తాయి. జబ్బు ముందా, బరువు తగ్గడం ముందా అన్నది తేల్చాకే కలం పట్టు.

తూకం దిగగానే ప్రతి ఆడమనిషీ ఒకటే అడుగుతుంది: "ఎంతుందమ్మా? లావేనా నేను?" చుట్టూ తోటికోడళ్లు ఉంటారు. బరువూ ఎత్తూ చీటీ మీద రాసి ఆవిడ చేతికే ఇవ్వు. లావు, సన్నం అన్న మాట నీ నోట రాకూడదు. నీ సూచీ ఊరి గురించి చెబుతుంది, ఆవిడ గురించి కాదు. రక్తపోటో చక్కెరో ఎక్కువ కనబడితే మాత్రం నాన్చకుండా అదే రోజు ఆరోగ్య కేంద్రానికి పంపు.

వచ్చే ఆదివారం నీ కర్ర, తూకం తీసుకుని ఇంటికి రా. పది కిలోల గుండు అటక మీద ఉంది, తీయిస్తాను. మీ పెద్దనాన్నను పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలువు. రోజంతా తిరిగితే వెన్ను కాస్త కుంగి ఎత్తు తగ్గుతుంది. రెండు అంకెలూ ఒకటే వచ్చాయా, సాయంత్రం ఆయన పక్కన నిన్ను నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తాను.

మీ పెద్దమ్మ