బందరు కోటను ఓడించింది బురదా, సముద్రమా?

"బందరు కోటకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా? చూడ్డానికి ఏమైనా మిగిలిందా?" అని అడిగారు. నేను బందరువాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ఆరో తరగతిలో ఉండగా తాతయ్య సైకిల్ మీద నన్ను కోటకు తీసుకెళ్లాడు. ఆయన పాత ఆయుధాగారం నీడలో కూర్చుని చుట్ట వెలిగిస్తుంటే, నేను అడ్డదారిన కాలువ వైపు పరిగెత్తాను. నాలుగడుగులకే మోకాళ్ల దాకా దిగబడ్డాను. ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి పోతోంది. తాతయ్య కండువా విసిరి లాగాడు. కొత్త చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. తిడతాడనుకున్నా. "ఫ్రెంచివాళ్లు నమ్ముకున్నది ఈ బురదనేరా" అన్నాడు.

అప్పట్లో కోట చుట్టూ ఊబి, ఊరి వైపు ఒక్కటే గట్టు దారి. 1750 నుంచి కోట ఫ్రెంచివాళ్లది. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, కందకంలో నీళ్లు తగ్గే ఆటు వేళ చూసుకుని, అర్ధరాత్రి దాడి చేశాడు. విజయనగరం రాజు మనుషులు గట్టు వైపు, ఇంకో దళం ఊబి వైపు గోల చేసి కోటవాళ్ల దృష్టి మళ్లించారు. అసలు దాడి ఈశాన్యం బురుజు మీద. లోపలున్నవాళ్లే ఎక్కువ మంది, అయినా తెల్లారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫ్రెంచివాళ్ల సాయానికి వస్తున్న నిజాం సలాబత్ జంగ్ మే 14న ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకుని బందరు, నిజాంపట్నం ఇచ్చేశాడు. కోస్తా ఇంగ్లీషువాళ్ల చేతికి పోవడం అక్కడే మొదలైంది. మన పిల్లల చేత ప్లాసీని బట్టీ పట్టిస్తారు, ఈ రాత్రి గురించి ఒక్క ముక్క చెప్పరు. నాకు అదే బాధ.

ఫిరంగులు చేయలేనిది 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన చేసింది. సుమారు 30 వేల మంది పోయారు. తర్వాత సైన్యాన్నీ ఎత్తేశారు. నన్నడిగితే బందరు దశ దిగజారింది ఆ రాత్రే, రేవు పూడిక వల్ల కాదు.

ఇప్పుడు ఆయుధాగారం, కొన్ని గోడలు మిగిలాయి. జనం లడ్డు కొనుక్కుని మంగినపూడి బీచికి పోతారు గానీ ఇటు తిరగరు. మీరు వెళితే మాత్రం ఆటు వేళ వెళ్లండి, కాలువ పక్కన బురదను చూడండి. గట్టు దిగొద్దు.