చిట్టీ, ఆ మాత్రల సంగతి దాచకు

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, మనమ్మాయి డీజీసీఏలో ఉద్యోగానికి పెట్టింది, నీలాగే విమానాలు దింపుతుందట" అన్నాడు. ఆ తర్వాత రెండు దాటేదాకా నాకు నిద్ర పట్టలేదు. సంతోషమో భయమో నాకే అంతుపట్టలేదు. మీ మావయ్య లేచి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగారు. వేసుకున్నానే!

ముందు మీ నాన్నకి చెప్పు, ఊరంతా డీజీసీఏ డీజీసీఏ అని చాటొద్దని. డీజీసీఏ అంటే విమానయానాన్ని అదుపులో పెట్టే సర్కారు ఆఫీసు, రూల్సు పెడుతుంది, లైసెన్సులు ఇస్తుంది, తనిఖీలు చేస్తుంది. అక్కడ చాలా పోస్టులకి యూపీఎస్సీ దారిలో వెళ్లాలి. నువ్వు పెట్టింది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, టవర్‌లో కూర్చుని విమానాలకి దారీ ఎత్తూ చెప్పే పని. 1995లో రెండు అథారిటీల్ని కలిపి దాన్ని చేశారు. నేను చేరినప్పుడు అందులో ఒక ముక్క, నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, విడిగా ఉండేది. బీఎస్సీ ఎంపీసీ చదివిన పిల్ల టవరెక్కడమేమిటని వీధి వీధంతా నోరు నొక్కుకుంది.

పరీక్ష గురించి పెద్దగా చెప్పను. 120 ప్రశ్నలు, రెండు గంటలు, సగం లెక్కలూ ఫిజిక్సూ. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకు. నోటిఫికేషన్ ఒకటికి రెండుసార్లు చదువు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నీ పేరు ఎలా ఉందో ఫారంలోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయి. డబ్బిస్తే సీటు ఖాయం చేస్తానని ఎవడైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టెయ్యి.

వాయిస్ టెస్టుకి మాత్రం ఇవాళ్టి నుంచే మొదలెట్టు. రోజూ పావుగంట ఇంగ్లీషు పేపరు పైకి చదువు. వేగంగా కాదు, నిలకడగా. మనకి మాట చివర ఒక అచ్చు తగిలించే అలవాటుంది, అది తగ్గించుకో. ట్రైనింగులో త్రీని ట్రీ అనీ, ఫైవ్‌ని ఫైఫ్ అనీ, నైన్‌ని నైనర్ అనీ పలికిస్తారు. నవ్వు రావద్దు. రేడియో గరగరలో ఫైవ్, నైన్ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఇక అసలు సంగతి. మెడికల్‌లో నీ మైగ్రేన్ మాత్రల మాట ఎత్తొద్దని మీ అమ్మ చెప్పిందట కదా. మీ అమ్మ మీద నాకు కోపం లేదు, పిల్ల అవకాశం పోతుందేమోనని ఆవిడ బెంగ. కానీ నువ్వు సరేనన్నావట చూడు, అందుకు రెండు తగిలించాలనిపించింది. ప్రిస్క్రిప్షన్ పట్టుకెళ్లు. ఏ మాత్ర, ఎన్నాళ్లుగా, నెలకి ఎన్నిసార్లు, అంతా డాక్టరు ముందు పెట్టు. పనికొస్తావో లేదో తేల్చేది వాళ్లు. అక్కడ మత్తుమందుల పరీక్ష కూడా ఉంటుంది. వాడే మందు ముందే చెప్పిన పిల్ల వేరు, దొరికాక చెప్పిన పిల్ల వేరు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. మీ నాన్నకి కూడా తెలీదిది.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఏ ఊరో అడక్కు. చిన్న ఎయిర్‌పోర్టు, రాడార్ లేదు. ఏ విమానం ఎక్కడుందో పైలట్ చెప్పిందే మనకి లెక్క. కాగితం స్ట్రిప్పుల మీద ఎత్తులు రాసుకుంటూ, రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే మధ్యన వెయ్యి అడుగులు ఉండేట్టు చూసుకోవాలి. నైట్ షిఫ్టు. పెద్దాడికి రెండ్రోజులుగా జ్వరం, కంటి మీద కునుకు లేకుండా డ్యూటీకి వచ్చాను. ఒకటి బయల్దేరి పైకెక్కి లెవెల్ వన్ జీరో జీరోలో, అంటే పదివేల అడుగుల్లో, ఉంది. ఇంకోటి దిగుతోంది. దాన్ని వన్ వన్ జీరోలో, అంటే పదకొండు వేలలో, ఆగమన్నాను. పైలట్ తిరిగి చదివాడు, వన్ జీరో జీరో అని. రీడ్‌బ్యాక్ అంటారు దాన్ని. పైలట్ చదివింది మనం చెప్పిందేనా కాదా అని వినడమే మన పని. నేను విన్నాను చిట్టీ, ఈ చెవులతోనే విన్నాను. కానీ నా చెవికి వన్ వన్ జీరో అనే వినపడింది. స్ట్రిప్పు మీద టిక్కు కూడా పెట్టేశాను.

పక్కన టీ తాగుతున్న సీనియర్ గ్లాసు కింద పెట్టి, "ఏం చదివాడమ్మా?" అన్నారు. అంతే. వెంటనే మైకు నొక్కి సరిచేశాను. ఆ విమానం ఇంకా చాలా ఎత్తులోనే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. లోపల కూర్చున్నవాళ్లు నిద్రలోనే ఉండుంటారు.

నేను చేసిన తప్పు అది కాదు. తెల్లారాక ఆయన లాగ్‌బుక్ నా ముందుకి జరిపి, "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అన్నారు. నేను ఏడ్చాను. పిల్లాడి జ్వరం చెప్పాను. ఆడవాళ్లకి ఈ పని చేతకాదంటారు సార్ అన్నాను. నాకు బాగా తెలుసు, ఆ మాటకి ఆయన మెత్తబడతారని. ఆయన పుస్తకం మూసేశారు.

ఇరవై రోజులు గడిచాయో లేదో, అవే రెండు ఫ్లైట్లు, అవే లెవెల్స్, ఇంకో కొత్త కుర్రాడికి అచ్చం అలాగే జరిగింది. వాడు రాశాడు. మెమో వచ్చింది, కొన్నాళ్లు సీటు మీద నుంచి దింపేశారు. వాడు రాసిన కాగితం చూశాకే, ఒకేలా వినపడే ఆ లెవెల్స్ ఆ రెండు ఫ్లైట్లకీ ఇవ్వొద్దని పెద్దవాళ్లు ఆర్డరు వేశారు. నేను రాసుంటే ఆ ఆర్డరు ఇరవై రోజుల ముందే వచ్చేది. క్యాంటీన్లో వాడు నా ఎదురుగా కూర్చుని, "మీకెప్పుడూ ఇలా కాలేదా మేడమ్?" అని అడిగాడు. లేదన్నాను. ఇడ్లీ గొంతు దిగలేదు. వాడు రిటైరయ్యేదాకా మేం స్నేహంగానే ఉన్నాం, ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. పదిహేను వేల అడుగుల దగ్గర ఆగాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగి, పద్నాలుగు వేలలో ఉన్న సౌదీ విమానాన్ని తాకింది. అప్పటి ఢిల్లీ రాడార్‌లో విమానం చుక్కలా కనపడేదే తప్ప దాని ఎత్తు తెలిసేది కాదు. కంట్రోలర్ తప్పేమీ లేదని విచారణలో తేలింది. ఆ రాత్రి రేడియో ముందు నుంచి నేను లేవలేదు. లోపల ఒకటే అంకె తిరుగుతోంది, వన్ జీరో జీరో.

సరే, ఏడవకు. నిన్ను భయపెట్టడానికి రాయలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు చేశానే ఆ పని, తెల్లారుజామున మొదటి ఫ్లైట్‌కి గుడ్‌మార్నింగ్ చెబుతుంటే ఎంత బావుండేదో! నీ గొంతు మీ నానమ్మది, స్పష్టంగా ఉంటుంది. నీకు సరిపోతుందీ పని.

ట్రైనింగుకి హైదరాబాద్ బేగంపేటే వేస్తారని ఆశ పెట్టుకోకు, ప్రయాగ్‌రాజ్ కూడా పంపొచ్చు. మేం వెళ్లినప్పుడు అలహాబాద్ అనేవారు. స్టేషన్‌కి నన్ను దింపడానికి వచ్చింది మీ నాన్నే. అప్పటికి మీసాలింకా రాలేదు, నా ట్రంకుపెట్టె మోయలేక మోశాడు. అమ్మ గోంగూర పచ్చడి గాజు సీసాలో పెట్టింది, నాగపూర్ దాటకముందే పగిలి చీరలన్నీ నూనె. నీకు స్టీలు డబ్బాలో పెట్టిస్తాను. అక్కడ జామకాయలు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి, వదలకు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి. నువ్వు అంకెలు చెప్పు, నేను పైలట్‌లా తిరిగి చదువుతాను. మధ్యలో ఎక్కడో ఒకటి కావాలనే తప్పు చదువుతాను. ప్రిస్క్రిప్షన్ కూడా పక్కనే పెట్టుకో, ఆ మాత్ర పేరు నాకు చదివి వినిపించాలి.

మీ పెద్దత్త