కాలువలు కట్టేసిన రోజుల్లో

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. రాత్రి మొదలుపెట్టి తెల్లారేసరికి ముగించానని, వెంటనే పత్రికకు పంపమంటారా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. ఆ కాగితాలు బీరువాలో పెట్టి మూడు వారాల దాకా ముట్టుకోకు.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక మన వైపు కాలువలు కట్టేస్తారు కదా. నీళ్లు నిండుగా పారుతున్నంత కాలం గుర్రపు డెక్క తప్ప ఏమీ కనపడదు. నీళ్లు తీశాకే రేవు మెట్టు ఎక్కడ విరిగిందో, పూడిక ఎంత చేరిందో తెలుస్తుంది. నీ కథ ఇప్పుడు నిండు కాలువ. కాగితం మీద లేనిది కూడా నీ మనసు కలుపుకొని చదివేస్తోంది. నేను చదివినప్పుడు అది నాకు అందలేదు.

మూడు వారాలయ్యాక తీసి, గొంతెత్తి పైకి చదువు. చదువుతుంటే నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకో, అంతే. అక్షరదోషాలు అప్పుడే దిద్దకు. రేపు కొట్టేయబోయే పేరాలో కామాలు సరిచేస్తూ కూర్చుంటే, ఆ పేరా మీద మమకారం పెరిగి కొట్టేయడానికి చెయ్యి రాదు.

నీ మొదటి రెండు పేజీలూ గోదావరి వర్ణనే. ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర, 1852... అన్నీ నిజాలే. కానీ ఏటి మధ్య లంకలో, 1986 ఆగస్టు వరదలో, చీకట్లో నిలబడ్డ ఆ నాయనమ్మకు వాటితో ఏం పని? నీ కథ మూడో పేజీలో, ఆవిడ కోళ్ల గంపను అటక మీదికి ఎక్కిస్తున్న చోట మొదలైంది. ఆ వాక్యం చదవగానే నేను నిటారుగా కూర్చున్నాను. ముందున్న రెండు పేజీలూ నువ్వు ఆ వాక్యం దాకా నడిచొచ్చిన దారి. అది నీకు అవసరమైంది, పాఠకుడికి అక్కర్లేదు. కొట్టెయ్. బాధగానే ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఇక కొడుకు సంగతి. కాకినాడ నుంచి బస్సెక్కి, యానాం దగ్గర వారధి దాటి అమ్మ కోసం వచ్చాడని రాశావు. 1986లో అక్కడ వారధి ఎక్కడిదమ్మా? అవతలి ఒడ్డున యెదుర్లంక వెళ్లాలంటే, మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు ఎక్కాల్సిందే. అంత వరదలో పంటు కదలదు. ఇక రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి రావాలి, ఆ పైన లంకకు పడవ దొరకాలి. ఒక్క వాక్యంలో ఇంటికి చేర్చేసిన మనిషి ఇప్పుడు రేవులో నిలబడిపోయాడు చూడు. వెనక్కి తిరగాలా, ఎవరినైనా బతిమాలాలా? ఇక్కడ అతను, అక్కడ అటక కింద నీళ్లు చూస్తూ ఆవిడ. తప్పు దిద్దబోతే కథకు బలం దొరికింది. అందుకే ఊరి సంగతులు సరిచూసుకోమని ఇంతగా చెప్తున్నాను.

రేడియోలో మొదటి ప్రమాద హెచ్చరిక వినిపించిందని, నీటిమట్టం పద్దెనిమిది అడుగులని రాశావు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. అది కూడా సరిచెయ్యి. నా తొలి కథల్లో ఒకదాంట్లో సంక్రాంతి రోజున తొలి పంట సార్వా కోతలు కోయించాను. అచ్చయిన వారానికి ఒక రైతు కార్డు రాశాడు: "బాబూ, అప్పటికి మా చేలల్లో దాళ్వా నాట్లు పడుతుంటాయి." మిగతా కథ గురించి ఒక్క మాటా లేదు. ఆ తప్పు దగ్గరే ఆయనకు నా మీద నమ్మకం పోయింది. ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

నాయనమ్మ దూడ పలుపు విప్పి, వీపు నిమిరి, "పో" అంటుంది. తర్వాత నువ్వు "ఆమె హృదయం చెప్పలేని వేదనతో బరువెక్కింది" అని రాశావు. "పో" అన్న మాటలోనే ఆ వేదనంతా వచ్చేసింది. ఇలాంటి వాక్యాలు నీ కథలో తొమ్మిది లెక్కపెట్టాను. నీ మీద నీకు నమ్మకం చాలని చోటల్లా ఒకటి ఉంది.

సంభాషణల్లో ప్రతి మాటకూ "ఆయ్" తగిలించావు. దాంతోనే గోదావరి యాస రాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు కోపంలో ఎక్కడ "అండీ" అంటారో, ఎక్కడ మానేస్తారో విను. మానేసిన చోటే కోపం తెలుస్తుంది.

చివరి పేరా గురించి ఇప్పుడేమీ చెప్పను. కొడుకు రేవులో ఆగిపోయాక ముగింపు ఎలాగూ మారుతుంది.

పాత ప్రతి చింపకు. దాని మీదే దిద్దకు కూడా. పక్కన పెట్టుకొని, తెల్లకాగితాల మీద మొదటి నుంచి మళ్లీ రాయి. కాలువలకు నీళ్లు వదిలేలోపు రెండు ప్రతులూ తీసుకొని ఒకసారి మా ఇంటికి రా. పొద్దున్నే వస్తే, అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చదువుకోవచ్చు.

నీ మేలు కోరే,
మాస్టారు