నాన్నగారి బీరువాలో కాగితాలు: ముందు సర్దడం కాదు, వెతకడం

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. నాన్నకి 53 ఏళ్ళు, నాలుగు నెలల కింద గుండెపోటుతో పోయారు. రెండెకరాల పొలం, ఊళ్ళో ఎరువుల కొట్టు ఉన్నాయి. రైతు బీమా 5 లక్షలు అమ్మ అకౌంట్లో పడ్డాయి. ఇప్పుడు బీరువా నిండా, కొట్లో గల్లాపెట్టె కింద అన్నీ కాగితాలు, విప్పని కవర్లు, పాత పాస్‌బుక్కులే. నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా, వచ్చే వారం సెలవు పెట్టి వెళ్తున్నా. పనికిరానివి తీసేసి మిగతావి ఫైల్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇంత కష్టంలో కూడా అమ్మకి ఇబ్బంది కాకూడదని ఆలోచిస్తున్నారు, చాలా సంతోషం అండీ. కానీ ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క కాగితం కూడా పారేయకండి. ఫైళ్ళు, లేబుళ్ళు తర్వాత చేసుకోవచ్చు, ఇప్పుడు చూడాల్సింది రెండే, ఎవరి దగ్గర్నుంచి మీకు డబ్బు రావాలి, ఏ తేదీ దాటితే మీకు నష్టం.

అన్నిటికంటే ముందు పాస్‌బుక్కులు తీయండి. బ్యాంకుకి వెళ్ళి ఎంట్రీలు వేయించుకుని మే నెల చివర, జూన్ మొదట్లో ఏమేం కట్ అయ్యాయో లైను లైను చూడండి, అక్కడ 436 రూపాయలు కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, 2022కి ముందు పేజీల్లో అయితే 330 అని ఉంటుంది. 55 ఏళ్ళ వరకు కవర్ ఉంటుంది, గుండెపోటుకి కూడా వర్తిస్తుంది, నామినీకి 2 లక్షలు ఇస్తారు. దీనికి బాండు పేపరు ఏదీ ఇంటికి రాదు, ఎప్పుడో అకౌంట్ తెరిచినప్పుడు సంతకం పెట్టించుకుని ఉంటారు, అందుకే చాలా ఇళ్ళల్లో ఇది ఉందని కూడా తెలియదు, నాకు బాధనిపించేది అదే. డెత్ సర్టిఫికెట్, అమ్మగారి ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని ఆ బ్రాంచికే వెళ్ళి క్లెయిమ్ ఫారం అడగండి, నాలుగు నెలలు అయిపోయింది కదా అని వదిలేయొద్దు. రెండు బ్యాంకుల్లో కట్ అయినా క్లెయిమ్ మాత్రం ఒక్కటే వస్తుంది. 20 రూపాయల లైను కూడా ఉండొచ్చు, అది యాక్సిడెంట్ బీమా, మీ నాన్నగారి విషయంలో రాదు. అలాగే లోన్ ఏదైనా ఉంటే శాంక్షన్ లెటర్‌తో పాటు ఇన్సూరెన్స్ ప్రీమియం కట్ చేశారేమో చూడండి, చేసి ఉంటే ఆ బాకీ బీమా కంపెనీయే తీర్చాల్సి రావచ్చు.

తర్వాత ప్రో నోట్లు, అంటే అప్పు తీసుకున్నవాళ్ళు రాసిచ్చిన పత్రాలు. ఎరువుల కొట్టు అన్నారు కాబట్టి కచ్చితంగా ఉంటాయనుకుంటున్నా. ప్రో నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు, మనిషి పోయాడని ఆ గడువు ఆగదు. వెనక్కి తిప్పి చూడండి, మధ్యలో కొంత కట్టించుకుని సంతకంతో చెల్లు వేయించి ఉంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. గడువు దగ్గర పడ్డవి పక్కన పెట్టి, అవతలి మనిషి దగ్గరికి ఊళ్ళో పెద్దమనిషిని తీసుకుని వెళ్ళి మాట్లాడండి. కోర్టుకి వెళ్ళాల్సి వస్తే వారసులకి సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, అది రావడానికి టైం పడుతుంది కాబట్టి లాయర్‌ని ముందే కలవండి. అరువు ఖాతా పుస్తకాలు కూడా ఇలాగే చూడాలి. కొట్టుకి జీఎస్టీ ఉంటే, కొట్టు ఇక నడపకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకి అప్లై చేయండి, లేకపోతే వేయని రిటర్నులకి లేట్ ఫీజు పడుతుంది. ఆ లెక్కల పుస్తకాలు మాత్రం ఆరేళ్ళ పైనే దాచాలి.

విప్పని కవర్లన్నీ విప్పండి, ముఖ్యంగా బంగారం తాకట్టు పెట్టిన చోట నుంచి వచ్చినవి. వేలం నోటీసు పోస్టులోనే వస్తుంది, తేదీ దాటితే అమ్మగారి నగలు పోతాయి.

నాన్నగారి సిమ్ మాత్రం తీసేయకండి, చిన్న రీఛార్జ్ చేస్తూ ఒక ఏడాది ఉంచండి. ఎల్ఐసీ అయినా చిట్టీ అయినా ఏడాదికి ఒకసారైనా మెసేజో ఉత్తరమో రాకుండా ఉండదు, అలా మీకు తెలియనివి బయటపడతాయి. ఆ ఫోన్‌కి వచ్చే ఓటీపీతో, ఏటీఎం కార్డుతో డబ్బులు మాత్రం తీయొద్దు, తర్వాత వారసుల మధ్య గొడవలకి అదే కారణం అవుతుంది, నామినీ క్లెయిమ్ ద్వారానే తీసుకోండి.

పొలం కాగితాల్లో పట్టాదారు పాస్‌బుక్ విరాసత్ (వారసత్వం) కింద పేరు మార్చడానికి కావాలి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా పొలం కొన్నట్టు రాసుకున్న ఒప్పందం ఉంటే అది చెత్తలా కనిపిస్తుంది, కానీ ఒరిజినల్ జాగ్రత్త. ఎవరు చెప్పినా వీటికి లామినేషన్ చేయించకండి, పంచ్ హోల్స్ వేయకండి, బటన్ ఫోల్డర్లో పెట్టి బీరువా పై అరలో ఉంచితే చాలు. ఏటీఎం స్లిప్పులు, పాత కరెంటు బిల్లులు, గడువు తీరిన ప్రీమియం నోటీసులు ఏడాది తర్వాత తీసేయొచ్చు. ఆధార్, పాన్ జెరాక్సులు చింపకుండా పాత పేపర్ల వాళ్ళకి వేయకండి.

ఒక నోట్‌బుక్‌లో ఏ అకౌంట్ ఎక్కడుంది, నంబర్ ఎంత, కాగితం ఏ ఫోల్డర్లో ఉంది అని తెలుగులోనే రాయండి, అమ్మగారు ఎవర్నీ అడగకుండా చదువుకోగలగాలి. రాసేటప్పుడే అమ్మగారి సొంత అకౌంట్లకి నామినీ ఎవరో చూడండి, చాలావరకు నాన్నగారి పేరే ఉంటుంది, అదే ట్రిప్‌లో మార్పించేయండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి వరకు నామినీలుగా పెట్టుకోవచ్చు, మీకు తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ళ పేరు కూడా రాయించండి.

ప్రో నోట్ల తేదీలన్నీ రాసుకుని నాకు మళ్ళీ రాయండి, ఏది ముందు కదపాలో చెప్తా.