డిసెంబర్ 24, మధ్యాహ్నం రెండు గంటలు

"అన్నా, క్రిస్మస్‌కి ఇంకా బోలెడు టైముంది కదా" అన్నాడు మొన్న మా ఇంటికి భోజనానికొచ్చిన అబ్బాయి. భార్యాభర్తలూ, రెండో క్లాసు చదివే పాపా ఆగస్టులో జర్మనీకి, మా స్టుట్‌గార్ట్ ఊరికి వచ్చారు. సూపర్ మార్కెట్లో సెప్టెంబర్ నుంచే లేబ్‌కూఖెన్ (క్రిస్మస్‌కి తినే మసాలా బిస్కెట్లు) డబ్బాలు గుట్టలు పోయడం చూసి, వీళ్ళకెంత తొందరో అని నవ్వుకున్నారట. నా మొదటి ఏడు నేనూ అలాగే నవ్వుకున్నాను. ఆ రోజు వాళ్ళకి చెప్పిందే ఇది.

ఆ ఏడు డిసెంబర్ 24న మూడింటికి పాలూ పెరుగూ తెద్దామని బయల్దేరాను. వీధిలో మనిషి లేడు. కొట్టు అద్దాల తలుపు ముందు అటూ ఇటూ కదిలాను, సెన్సర్‌కి కనబడలేదేమో అనుకుని. లోపల లైట్లే లేవు. మనకు పండగంటే బజారు కిటకిటలాడాలి. భోగి ముందు రాత్రి పదింటికి కూడా చెరుకుగడలు బేరమాడుకోవచ్చు. ఇక్కడ పండగంటే షట్టర్ దించడం. 24 సెలవు రోజు కాదు, కానీ చట్టం ప్రకారం మధ్యాహ్నం 2 కల్లా కొట్లు మూసేయాలి. 25, 26 రెండూ సెలవులే. ఆదివారం ఎలాగూ బంద్. 2026లో 25 శుక్రవారం పడింది కాబట్టి, 24 మధ్యాహ్నం మూసిన కొట్టు మళ్ళీ తెరిచేది 28 సోమవారమే. మన ఇండియన్ స్టోర్ కూడా ఇదే లెక్క. నా మొదటి ఏడు ఆ 24న చివరికి పెట్రోల్ బంకులో రెట్టింపు ధరకి లీటరు పాలు దొరికాయి. పెరుగు మాత్రం లేదు.

అందుకే మీ లెక్క 25 నుంచి కాదు, 24 మధ్యాహ్నం నుంచి వెనక్కి మొదలెట్టండి. జర్మన్లు లెక్కపెట్టేదీ ఆ రోజుకే. పిల్లలకి కొనే అడ్వెంట్ క్యాలెండర్లో 1 నుంచి 24 దాకానే బుల్లి తలుపులుంటాయి. అది కాక పండగ ముందు నాలుగు ఆదివారాలు వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు. 1839లో హాంబర్గ్‌లో విహెర్న్ అనే ఆయన, తన ఆశ్రమంలో పిల్లలు "ఇంకెన్ని రోజులు" అని ప్రాణం తీస్తుంటే బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టి ఇది మొదలెట్టాడని చెబుతారు. మీరు శాకాహారులైతే జిగురు మిఠాయిల క్యాలెండర్లు కొనకండి, చాలావాటిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మా ఆవిడ 24 గుడ్డ సంచులు కుట్టి వాటిలో పల్లీ చిక్కీ ముక్కలు వేస్తుంది. డిసెంబర్ 5 రాత్రి పాప బూటు గుమ్మం బయట పెట్టించడం మాత్రం మర్చిపోకండి. మర్నాడు క్లాసులో నికొలాస్ తాత ఎవరి బూటులో ఏం పెట్టాడన్నదే కబురు.

అసలు తిప్పలు సెలవు దగ్గర. చాలా ఆఫీసుల్లో పండగ వారం లీవులు అక్టోబర్‌లోపే పంచుకోవడం అయిపోతుంది. స్కూలు పిల్లలున్నవాళ్ళ వైపు మేనేజర్లు సాధారణంగా మొగ్గుతారు. మీకూ పాప ఉంది, మొహమాటపడకుండా చెప్పండి. కొన్ని కంపెనీలు ఆ వారమంతా మూసేసి మీ లీవుల్లోంచే కోస్తాయి. మీ కాంట్రాక్టులో ఏముందో చూసుకోండి.

ఇక మనవాళ్ళ ఆశ ఒకటుంటుంది: క్రిస్మస్‌కి వెళ్ళి, సంక్రాంతి కూడా చూసుకుని వద్దామని. పిల్లలు స్కూల్లో ఉంటే అది కుదరదు. జనవరి మొదటి వారం దాటగానే స్కూళ్ళు దాదాపు తెరిచేస్తారు, భోగి వచ్చేసరికి పాప క్లాసులో ఉండాలి. ఇక్కడ స్కూలుకి పంపడం తల్లిదండ్రులకి చట్టపరమైన బాధ్యత, "జ్వరం" అని మెయిల్ కొట్టి విమానమెక్కితే జరిమానా పడొచ్చు. సెలవల ముందు రోజుల్లో పక్క రాష్ట్రం బవేరియా ఎయిర్‌పోర్టుల్లో పోలీసులు పిల్లల్ని చూసి ఆరా తీసిన సందర్భాలున్నాయి. గొబ్బెమ్మలు వీడియో కాల్లో చూసుకోవాల్సిందే. ఎన్నేళ్ళయినా నాకది మింగుడు పడలేదు.

టికెట్ కొనేముందు రెసిడెన్స్ కార్డు తేదీ చూడండి. వీసా అయిపోతోంది, కార్డు ఇంకా రాలేదు అంటే చేతికి ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే మడత కాగితం ఇస్తారు. దాంట్లో గళ్ళుంటాయి. నివాస చట్టం 81వ సెక్షన్ 4వ పేరా దగ్గర టిక్ ఉంటే ఇండియా వెళ్ళి తిరిగి రావచ్చు. 3వ పేరా దగ్గర ఉంటే ఆ కాగితంతో తిరిగి రానివ్వరు, ఇక్కడే ఉండండి. ఇది చూసుకోక హైదరాబాద్‌లో ఇరుక్కుని కొత్త వీసా కోసం తిరిగినవాళ్ళున్నారు. కార్డు అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు, నవంబర్‌లో మెయిల్ పెట్టి డిసెంబర్‌లో పిలుస్తారనుకోకండి.

ఇండియా వెళ్ళకుండా ఇక్కడే తిరుగుతారా, రైలు టికెట్ ఇప్పుడే తీసుకోండి, సీటు రిజర్వేషన్ విడిగా కొనండి. లేదంటే పాపని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడాలి. క్రిస్మస్ మార్కెట్లు నవంబర్ ఆఖరు నుంచి మొదలై, చాలావరకు పండగకి ముందే ఎత్తేస్తారు. మా స్టుట్‌గార్ట్‌లో 23తో సరి, న్యూరెంబర్గ్‌లో 24 మధ్యాహ్నం దాకా. లండన్ నుంచి మా బావమరిది 26న దిగితే చూపించడానికి విప్పేసిన చెక్కలు తప్ప ఏం మిగల్లేదు.

ఊరెళ్తే హీటర్ పూర్తిగా ఆపకండి, మంచు గుర్తు దగ్గర పెట్టండి, పైపులు గడ్డకట్టకుండా. మందులు ముందే తెచ్చుకోండి. సెలవు రోజు డాక్టర్ కావాలంటే 116117, ప్రాణం మీదకొస్తే 112.

ఇక్కడే ఉంటే 23 రాత్రి రెండు గిన్నెల్లో పెరుగు తోడుపెట్టి, ఒక దాన్ని ముట్టుకోకుండా ఫ్రిజ్‌లో అడుగున దాచండి. పాలైతే బంకులో దొరుకుతాయి, తోడు దొరకదు.