లెన్స్‌తో చూపు సగటు తేడాగా వస్తోందా? లెక్క ఇలా సరిచేయండి

లెన్స్‌తో తీసిన చూపు కొలతల సగటు తేడాగా వస్తోందని మీరు అడిగారు. తప్పు లెన్స్‌లో లేదు, సగటు తీసిన పద్ధతిలో ఉంది. మీరు 6/6, 6/60 అనే రెండు చూపు కొలతలను దశాంశాలుగా మార్చి (1.0, 0.1) సగటు కట్టారు, 0.55 వచ్చింది, అంటే దాదాపు 6/11. ఇలా భిన్నాల్లో రాసే స్నెలెన్ విలువలకు అలా సగటు తీయకూడదు. లాగ్‌మార్‌లో (చూపును లాగరిథమ్ స్కేలుపై చూపే కొలత) అవి 0.0, 1.0. సగటు 0.5, అంటే సుమారు 6/19. ఎంత తేడానో చూడండి!

1. ముందు ప్రతి కంటి విలువనూ లాగ్‌మార్‌లోకి మార్చండి. సగటు ఆ తర్వాతే.

2. చాలామంది వదిలేసేది ఇదే: వరుస కాదు, అక్షరాలు లెక్కపెట్టాలి. లాగ్‌మార్ చార్టులో వరుసకు 5 అక్షరాలు, ఒక్కో అక్షరం 0.02, అంటే ఒక్కో వరుసకు 0.1. పై వరుస 1.0 అయిన చార్టులో స్కోరు = 1.1 − (సరిగ్గా చదివినవి × 0.02). ఒకరు 0.2 వరుసలో రెండు తప్పు చదివి, 0.1 వరుసలో మూడు చదివారనుకోండి. పైవన్నీ సరిగ్గానే చదివారు. పై 8 వరుసల్లో 40, తర్వాతి రెండింటిలో 3, 3, మొత్తం 46, స్కోరు 0.18. తడబడితే ఊహించి చెప్పమనండి, అదీ లెక్కలోకే వస్తుంది.

3. కళ్లద్దాలతో పోల్చేటప్పుడు లాగ్‌మార్ తగ్గితే చూపు మెరుగైనట్టు. టేబుల్ కింద ఈ మాట తప్పక రాయండి.

పాత రికార్డుల్లో వరుస మాత్రమే రాసి ఉంటే అక్షరాలు ఊహించి నింపకండి, వాటిని విడిగా ఉంచండి.